ఎత్తులో మోటెల్, పల్లంలో టెంట్

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. డిసెంబర్ 20 నుంచి జనవరి 3 దాకా నాకూ మా ఆవిడకీ సెలవులు కుదిరాయి. రూట్ 66కి నూరేళ్ళన్న మాట విన్నప్పట్నుంచీ ఆ రోడ్డు మొత్తం, చికాగో నుంచి శాంటా మోనికా దాకా, చూడాలని ఉంది. రాత్రిళ్ళు టెంట్లలోనే గడపాలని కోరిక. పిల్లలకి 11, 7 ఏళ్ళు. ఊరి నుంచి అమ్మానాన్నా వచ్చి ఉన్నారు, వాళ్ళనీ తీసుకెళ్దామనుకుంటున్నాం. నాన్నకి 67, షుగరుంది, ఇన్సులిన్ వేసుకుంటారు. సొంత మినీవ్యాన్ ఉంది. ‘20 డిగ్రీలు’ అని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగులు, గాలి పరుపులు, ఇండియన్ షాపులో అమ్మే బ్యూటేన్ స్టవ్ కొనేశాను. ఒక ఫ్రెండు ప్రొపేన్ హీటర్ ఇస్తానన్నాడు, టెంట్లో పెట్టుకుంటే చలే తెలియదట. ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు క్యాంపింగ్ చేశాం కాబట్టి మరీ కొత్తేం కాదు. మా ఆవిడ మాత్రం ‘పిల్లల్ని పెట్టుకుని చలికాలంలో టెంటేంటి’ అంటోంది. ఈ ప్లాన్ కుదిరేదేనా? ఏం మార్చుకోవాలి?
– పేరు వద్దన్న పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం:

ముందు హీటర్ సంగతి. మిగతా విషయాల్లో పొరపాటు జరిగితే ట్రిప్పు పాడవుతుంది, అంతే. ఇందులో జరిగితే ప్రాణాల మీదకొస్తుంది. మూసిన టెంట్లో ఏది మండినా, గ్యాస్ గానీ బొగ్గు గానీ, కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మెలకువగా ఉన్నవాళ్ళకి తలనొప్పి, వికారం, మగత వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్ళకి అవీ తెలియవు. ‘కాస్త జిప్పు తీసి ఉంచుతాంలెండి’ అంటారు. తెల్లవారుజామున మూడింటికి చలేసి ఎవరో ఒకరు లేచి ఆ జిప్పు మూసేస్తారు. ఇంకో అలవాటు కూడా ఉంది మనవాళ్ళకి: బార్బెక్యూ అయిపోయాక చల్లారిందిలే అనుకుని బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చుకోవడం. ఎర్రగా కనపడకపోయినా బొగ్గులు గంటల తరబడి ఆ గ్యాస్ వదుల్తూనే ఉంటాయి. కాబట్టి హీటర్ మీ ఫ్రెండు దగ్గరే ఉండనివ్వండి. స్టవ్ కూడా టెంట్ బయటే. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని, మోటెల్ గదిలోనూ టెంట్లోనూ పక్కన పెట్టుకోండి.

ఇక మీ ఆవిడ మాట. ఆవిడ చెప్పింది సగం నిజం. ఏ సగమో ఆ రాత్రి మీరు ఎన్ని అడుగుల ఎత్తులో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

రూట్ 66 అనగానే అందరూ మ్యాపులో తూర్పు పడమరలు చూస్తారు. చలికాలంలో చూడాల్సింది ఎత్తు. ఓక్లహోమా దాటాక ఈ రోడ్డు ఇంచుమించు ఒకే అక్షాంశం మీద పడమటికి పోతుంది గానీ మెట్లెక్కుతూ పోతుంది. అమరిల్లో 3,600 అడుగులు. ఆల్బకర్కీ 5,300. గాలప్‌కి ముందు కాంటినెంటల్ డివైడ్ (వాన నీళ్ళు తూర్పు పడమరలకి విడిపోయే గట్టు) దగ్గర 7,200 పైమాటే. ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000. అంటే మీ నాన్నగారికి చెప్పేటట్టయితే ఇంచుమించు ఊటీ ఎత్తు, కాకపోతే భూమధ్యరేఖకి మూడు రెట్లు దూరంలో. అక్కడ జనవరి రాత్రుల సగటు 17, 18 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కలో సున్నాకి ఎనిమిది డిగ్రీలు కింద. ఏడాదికి వంద అంగుళాల దాకా మంచు పడే ఊరది. అక్కడ్నుంచి రోడ్డు దిగుతుంది. కింగ్‌మన్ 3,300 అడుగులు, కొలరాడో నది ఒడ్డున నీడిల్స్ 500 అడుగుల లోపు. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి నీడిల్స్‌కి రెండొందల మైళ్ళే. అక్కడ పార పట్టుకుని వాకిట్లో మంచు తోడుతున్న రోజున ఇక్కడ మధ్యాహ్నం ఫారన్‌హీట్ లెక్కలో అరవైల్లో ఉంటుంది, రాత్రి నలభైల్లో. ఎండాకాలంలో 120 చూసే ఊరు నీడిల్స్. మోహావీ ఎడారిలో టెంట్ వేయాలంటే అసలు కాలం చలికాలమే. ఆ మాట మీ ఆవిడకి చెప్పండి. ఫ్లాగ్‌స్టాఫ్‌లో టెంటు వేయనని మీరు ఆవిడకి మాటివ్వండి.

నా సలహా అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది: ఎత్తులో మోటెల్, పల్లంలో టెంట్.

ఇప్పుడు చికాగో. వదిలేయండి. మొత్తం రోడ్డు రెండు వేల మైళ్ళకి బాగా పైమాటే, మీ చేతిలో రెండు వారాలు, డిసెంబర్ చివర్లో పగలు పది గంటలు కూడా ఉండదు. ఇలినాయ్, మిజోరీల్లో మంచు కంటే భయపెట్టేది గడ్డకట్టే వాన. కురిసింది కురిసినట్టు రోడ్డు మీద గాజులా పేరుకుంటుంది. పైగా మీరున్న చోటు చూసుకోండి. ఈ రోడ్డుకి సరిగ్గా నడిమధ్య ఊరు ఏడ్రియన్, అమరిల్లోకి పడమట ఉంది. అక్కడ బోర్డు మీద ఉంటుంది, చికాగోకి 1,139 మైళ్ళు, లాస్ ఏంజెలెస్‌కి 1,139 మైళ్ళు అని. సగం రోడ్డు మీ గుమ్మం ముందే మొదలవుతుంటే చికాగోకి విమానమెక్కడం ఎందుకు? డాలస్ నుంచి 287 హైవే పట్టుకుని అమరిల్లో వెళ్తే ఒక పగటి ప్రయాణం.

మొత్తం చూడలేదన్న వెలితి వద్దు. ఇప్పుడు మొత్తం అనేది లేదు. 1926 నవంబర్ 11న ఈ రోడ్డుకి నంబరు పడింది, 1985 జూన్ 27న ఆ నంబరు తీసేశారు. మిగిలినవి ముక్కలు: ఊళ్ళలో పాత బజారు వీధులు, ఈ రోడ్డు బదులు వేసిన పెద్ద హైవే ఐ-40 పక్కన నడిచే సర్వీసు రోడ్లు, అరిజోనాలో మాత్రం తెగకుండా ఒక పెద్ద ముక్క. ఆ ముక్క మీ దారిలోనే ఉంది. ఫోన్లో మ్యాపు ‘త్వరగా చేరే దారి’ అంటూ మిమ్మల్ని ఐ-40 ఎక్కిస్తూనే ఉంటుంది. పాత రోడ్డు దిగాల్సిన ఎగ్జిట్ నంబర్లు ముందే కాగితం మీద రాసుకోండి, ఆ కాగితం పెద్దాడి చేతికివ్వండి. పదకొండేళ్ళ పిల్లలు ఆ పని మనకంటే శ్రద్ధగా చేస్తారు.

అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్ ఉంది, దేశంలో గ్రాండ్ కాన్యన్ తర్వాత అంత పెద్దది అదే. స్టేట్ పార్కు కాబట్టి లోపలే క్యాంపింగు, కేబిన్లు ఉన్నాయి. టెంట్ వద్దు, కేబిన్ తీసుకోండి. జనవరి రాత్రి అక్కడ ఇరవైల్లోకి పడిపోతుంది, అంతకంటే గాలి చెడ్డది. ఉత్తరం నుంచి అడ్డూ ఆపూ లేని మైదానం, మధ్యాహ్నం స్వెటర్ తీసేసినవాళ్ళు సాయంత్రానికి చెవులు మూసుకుని పరిగెత్తాల్సొస్తుంది. క్యాడిలాక్ రాంచ్ పిల్లలకి నచ్చుతుంది. 1974లో పది కార్లని ముక్కు కిందకి పెట్టి పొలంలో పాతారు, ఎవరైనా రంగు కొట్టొచ్చు. ముందురోజు మంచు పడి కరిగి ఉంటే ఆ పొలం బురద బూట్లకి ఎంత అంటుకుంటుందంటే, మీ వ్యాన్ కార్పెట్ మీద ఆశ వదులుకోవాలి. పాత బూట్లేసుకెళ్ళండి.

న్యూ మెక్సికోలోకి వెళ్ళాక టుకమ్‌కారీలో ఒక రాత్రి పడుకోవచ్చు, పాత మోటెళ్ళ నియాన్ బోర్డులు చీకటి పడ్డాకే చూడాలి. చలికాలానికి ఒక లాభం ఇదే, అయిదున్నరకే చీకటి. పిల్లలు మెలకువగా ఉండగానే చూసేయొచ్చు. ఈ దారిలో చిన్నచిన్న తిండి కొట్లు, మ్యూజియాలు చాలా చలికాలంలో మూసేస్తారు, ఫోన్ చేసి కనుక్కోకుండా దేని మీదా ఆశ పెట్టుకోవద్దు.

మోటెల్ అంటే మీ నాన్నగారు మొహమాటపడతారేమో, డబ్బు దండగని. ఆయనకో మాట చెప్పండి. ఈ రోడ్డు మీద పాత మోటెళ్ళు చాలావాటికి ఇప్పుడు యజమానులు గుజరాతీలు. కౌంటర్ వెనక ఉన్న పెద్దాయనతో హిందీలో నాలుగు మాటలు పడితే మీ నాన్నగారు గదికి రావడానికి ఆలస్యమవుతుంది, తర్వాతి ఊరి నుంచి ఆయనే మోటెల్ అడుగుతారు.

డిసెంబర్ 24 రాత్రికి ఆల్బకర్కీలో ఉండేలా చూసుకోండి. ఆ రాత్రి ఓల్డ్ టౌన్ చుట్టూ గోడల మీద, ఇళ్ళ కప్పుల అంచుల మీద కాగితం సంచుల్లో ఇసుక పోసి కొవ్వొత్తులు పెడతారు. శాంటా ఫేలో కూడా ఉంటుంది, చాలామంది అక్కడికే వెళ్ళమంటారు. 1937 దాకా రూట్ 66 శాంటా ఫే చుట్టి వెళ్ళేది కూడా. కానీ అది 7,000 అడుగులు, వీధులు ఎగుడుదిగుడు, మంచు పడితే జారుడు. పెద్దవాళ్ళతో అయితే ఆల్బకర్కీయే మేలు, చదునుగా ఉంటుంది, అలిసిపోతే కారు దగ్గరే. ఆ రాత్రికి గది మాత్రం ఇవాళే బుక్ చేయండి.

25న గాలప్ దాకా వెళ్ళి ఆగిపోండి, అంతకుమించి చేయకండి. పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్ క్రిస్మస్ రోజున మూసేస్తారు, 26న చూడండి. పాత రూట్ 66 ముక్క లోపలున్న నేషనల్ పార్కు అదొక్కటే. రోడ్డు ఇప్పుడు లేదు, తుప్పు పట్టిన 1932 నాటి స్టూడ్‌బేకర్ కారొకటి, దాని వెనక ఎడారిలోకి పోతున్న టెలిఫోన్ స్తంభాల వరుస, అంతే. ఆ స్తంభాల వెంట నడిచిన రోడ్డు మీదే 1930ల్లో ఓక్లహోమా, టెక్సస్ రైతులు పొలాలు దుమ్మై పోయి సంసారాలు ట్రక్కులకెత్తుకుని కాలిఫోర్నియా వెళ్ళారు. దారిలో టెంట్లేసుకునే పడుకున్నారు, వేరే దిక్కు లేక. పిల్లలకి అక్కడ నిలబెట్టి చెప్పండి, ఇంట్లో చెప్తే వినరు.

తర్వాత విలియమ్స్‌లో రెండు రాత్రులు. ఐ-40 వచ్చి పక్కన పెట్టేసిన రూట్ 66 ఊళ్ళలో చిట్టచివరిది అదే, 1984 అక్టోబర్‌లో. గ్రాండ్ కాన్యన్ అక్కడికి అరవై మైళ్ళు. సౌత్ రిమ్, అంటే దక్షిణపు అంచు, ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది, అక్కడ మాదర్ క్యాంప్‌గ్రౌండ్ కూడా చలికాలంలో నడుస్తుంది. నెట్‌లో ఆ మాట చదివి ఆశపడతారని ముందే చెప్తున్నా: వద్దు, అదీ 7,000 అడుగులే. పగలు చూసి సాయంత్రం నాలుగుకల్లా వెనక్కి బయల్దేరండి, ఆ అడవి రోడ్డు మీద చీకట్లో ఎల్క్‌లు అడ్డొస్తాయి, అవి లేళ్ళంత చిన్నవి కావు. అంచు మీద నడిచే దారిలో నీడ పడే చోట్ల మంచు గట్టిపడి ఉంటుంది. బూట్లకి తగిలించుకునే ముళ్ళ పట్టీలు అందరికీ కొనండి, అమ్మగారికి ముందు. ఇంకొకటి, 2026 నుంచి అమెరికా వాసులు కానివారికి గ్రాండ్ కాన్యన్‌లో అదనపు రుసుము మొదలైంది, 16 ఏళ్ళు నిండిన ఒక్కొక్కరికి 100 డాలర్లు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి మీరు కొనే పార్కుల పాసు ఎంతవరకు పనికొస్తుందో పార్క్ సర్వీస్ పేజీలో చూసి లెక్క వేసుకోండి.

ఇక్కడ ఐ-40 తరచూ మూసేస్తారు. మంచు తుఫాను వస్తుందంటే ట్రక్కులతో పోటీపడి దాటేద్దామని చూడకండి, గదిలో ఇంకో రోజు ఉండండి. అందుకే ఈ ప్లాన్లో రెండు రోజులు ఏ ఊరికీ రాయకుండా ఖాళీగా ఉంచమంటున్నాను. న్యూ మెక్సికోలో, అరిజోనాలో 511కి ఫోన్ చేస్తే రోడ్ల సంగతి చెప్తారు.

వ్యాన్ గురించి డాలస్‌వాళ్ళు మర్చిపోయేది అద్దాలు కడిగే నీళ్ళు. టెక్సస్‌లో పోసుకునే మామూలు రకం మంచినీళ్ళు గడ్డకట్టే చలికే గడ్డకడుతుంది. ట్రక్కు వెనక బురద మంచు అద్దం మీద కొట్టి, మీరు మీట నొక్కితే ఏమీ రాకపోతే ఆ అయిదు సెకన్లు చాలా పొడుగు. మైనస్ 20 ఫారన్‌హీట్ అని రాసున్న రకం పోయించండి. టైర్ల గాడి, బ్యాటరీ, కూలెంట్ చూపించండి. పార, దుప్పట్లు, రొట్టెలు, నీళ్ళు వెనక అడుగున కాకుండా పైన పెట్టండి. మంచులో ఇరుక్కుని ఇంజను నడపాల్సొస్తే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయాలి, లేకపోతే హీటర్ గురించి పైన చెప్పిన కథే.

28న సెలిగ్‌మన్. మీరు అడిగిన రూట్ 66 నా దృష్టిలో ఇదే. 1978లో ఐ-40 పక్కనుంచి పోయాక ఈ ఊళ్ళో కార్లు ఆగడం మానేశాయి. అప్పుడు ఏంజెల్ డెల్గడిలో అనే మంగలి, ఊరివాళ్ళని కూడగట్టి 1987లో ఒక సంఘం పెట్టి, పాత రోడ్డుని చారిత్రక రోడ్డుగా గుర్తించమని రాష్ట్రం వెంటపడ్డాడు. సాధించాడు. ఇవాళ ఎనిమిది రాష్ట్రాల్లో మీరు చూసే గోధుమరంగు బోర్డుల వెనక ఆ క్షౌరశాల ఉంది. సెలిగ్‌మన్ నుంచి పీచ్ స్ప్రింగ్స్, హాక్‌బెర్రీ మీదుగా కింగ్‌మన్ దాకా పాత రోడ్డు ఐ-40ని వదిలేసి ఉత్తరంగా వంపు తిరిగి వెళ్తుంది. కార్లు తక్కువ. తొందరపడకండి. రాత్రికి కింగ్‌మన్‌లో గది తీసుకుని, 29 పొద్దున్న ఓట్‌మన్ కనుమ ఎక్కండి. సిట్‌గ్రీవ్స్ పాస్ దగ్గర రోడ్డు సన్నం, మలుపులు గట్టివి, చాలాచోట్ల పక్క గోడ కూడా లేదు. మినీవ్యాన్ హాయిగా పోతుంది, నలభై అడుగులు దాటిన బళ్ళని రానివ్వరు. వానపడుతుంటే మాత్రం ఐ-40 మీదే దిగిపోండి. ఓట్‌మన్ బజార్లో గాడిదలు కారు కిటికీలోకి తల పెడతాయి. ఒకప్పుడు గని పనివాళ్ళు వదిలేసినవాటి సంతతి. పిల్లలు వాటికి తిండి పెట్టబోతారు, పెట్టనివ్వకండి.

అక్కడ్నుంచి దిగితే నీడిల్స్, ఇక టెంట్. కాలిఫోర్నియాలోకి అడుగుపెట్టగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది, సూర్యుడు నాలుగున్నర దాటగానే మునుగుతాడు. మూడింటికల్లా టెంట్ లేచి నిలబడి ఉండాలి. తర్వాత పదమూడు గంటల చీకటి. ఎండాకాలం క్యాంపింగ్‌లో మీకు తెలియనిది ఇదే: చలి కంటే ముందు పిల్లల్ని విసిగించేది రాత్రి పొడుగు. మంచి లాంతరు, పేకముక్కలు, అష్టాచమ్మా గవ్వలు పట్టుకెళ్ళండి. నాయనమ్మ ఉంది కాబట్టి కథలకి లోటుండదు.

ఎడారి మధ్యలో మోహావీ ట్రెయిల్స్ అనే పెద్ద ప్రభుత్వ భూమి ఉంది, అక్కడ ఉచితంగా 14 రోజుల దాకా టెంట్ వేసుకోవచ్చు. నీళ్ళుండవు, మరుగుదొడ్లుండవు, ఫోనుండదు. మీరిద్దరే వెళ్తుంటే అదే చెప్పేవాణ్ణి. షుగరున్న నాన్నగారు రాత్రి రెండుసార్లు లేవాల్సిన ఇంట్లో అది సాహసం కాదు, హింస. నది ఒడ్డున స్నానాల గదులున్న క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు తీసుకోండి. దానికి దగ్గర్లోనే అమ్మానాన్నలకి మోటెల్ గది. వాళ్ళు తొమ్మిదింటి దాకా నెగడు దగ్గర కూర్చుని వెళ్ళి పడుకుంటారు, పొద్దున్న కాఫీకి వచ్చేస్తారు. పిల్లలకి తేడా తెలియదు, పెద్దవాళ్ళకి నడుం నొప్పి రాదు.

మీరు కొన్న సామాన్లు. బ్యాగు మీద 20 డిగ్రీలంటే ఆ చలిలో హాయిగా నిద్రపడుతుందని కాదు. చవక రకాల్లో అది చాలావరకు ‘ప్రాణానికి ఢోకా లేదు’ అనే అంకె, హాయి ఇంకో పది పదిహేను డిగ్రీలు పైన మొదలవుతుంది. నీడిల్స్‌కి అవి చక్కగా సరిపోతాయి. గాలి పరుపులే పనికిరావు. లోపల గాలి నేలంత చల్లగా అయిపోయి రాత్రంతా వీపు కింద నుంచి వేడి లాగేస్తుంది, పైన ఎన్ని బొంతలు కప్పినా. గట్టి ఫోమ్ చాపలు కొని పరుపు మీద, ఒంటికి ఆనేట్టు వేయండి. క్యాంపింగ్ చాపలు, పరుపుల మీద ఆర్ వాల్యూ అని ఉంటుంది, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, నాలుగు దగ్గర్లో ఉంటే చాలు. చాపా పరుపూ కలిపితే ఆ అంకెలు కూడతాయి. పగలు వేసుకున్న కాటన్ మేజోళ్ళతో పడుకోనివ్వకండి, చెమట తడి ఉంటుంది, ఊలువి మార్చాలి. పడుకునే ముందు గట్టి మూతున్న సీసాలో వేడినీళ్ళు పోసి, మేజోడు తొడిగి, బ్యాగులో కాళ్ళ దగ్గర పెడితే చిన్నాడు నిమిషంలో నిద్రపోతాడు. హీటర్ పని అదే చేస్తుంది. టెంట్ పైకిటికీలు తెరిచే ఉంచండి. నలుగురి ఊపిరి రాత్రంతా గుడ్డకి పట్టి తెల్లారేసరికి మొహాల మీద చుక్కలు చుక్కలుగా రాలుతుంది.

ఇసుకలో మామూలు మేకులు నిలవవు, గాలి వస్తే మొత్తం లేచిపోతుంది. గట్టి సంచుల్లో ఇసుక నింపి తాళ్ళు వాటికి కట్టండి. చదునుగా, మెత్తగా బాగుందని ఎండిన వాగులో టెంట్ వేయొద్దు. ఎక్కడో కొండ మీద వాన పడితే నీళ్ళు ఇక్కడికొస్తాయి.

బ్యూటేన్ స్టవ్ ఇంట్లో ఉంచేయండి. బ్యూటేన్ ఇంచుమించు నీళ్ళు గడ్డకట్టే దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, నలభైల్లోనే మంట చిన్నబోతుంది. పొద్దున్న ఆరింటికి డబ్బాలో గ్యాస్ గలగలలాడుతూనే ఉంటుంది, కాఫీ మాత్రం మరగదు. రెండు పొయ్యిల ప్రొపేన్ స్టవ్ కొనండి, ప్రొపేన్‌కి ఈ చలి లెక్కలోది కాదు. కుక్కర్ మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి. విలియమ్స్ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఎత్తెక్కుతున్నకొద్దీ చిప్స్ ప్యాకెట్లు పొంగుతాయి, ఆవకాయ డబ్బా మూత సందుల్లోంచి నూనె కారుతుంది. రెండు కవర్లు కట్టి నిలబెట్టండి.

నాన్నగారి ఇన్సులిన్ వేడికి పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకడితే కూడా పోతుంది, కరిగాక మళ్ళీ వాడకూడదు. రాత్రి కారులో వదలొద్దు, ఐసు పక్కన పెట్టొద్దు, బయట తిరిగేటప్పుడు ఆయన చొక్కా లోపలి జేబులో ఉండాలి. షుగర్ చూసే మిషను కూడా చలికి మొరాయిస్తుంది, దాన్నీ వెచ్చగా ఉంచండి. 7,000 అడుగుల దగ్గర రెండు రాత్రులుంటున్నారని బయల్దేరేముందే డాక్టరుకి చెప్పండి. మీకింకా పౌరసత్వం రాకపోతే 18 నిండిన అందరి గ్రీన్‌కార్డులో ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు చూపే) కాగితాలో వెంట ఉండాలి, అది చట్టం.

నీడిల్స్ దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయ తనిఖీ కేంద్రంలో బండి ఆపి పళ్ళు, మొక్కలు ఉన్నాయా అని అడుగుతారు. మీ పెరట్లో కోసిన కరివేపాకు, నిమ్మకాయలు వెంట ఉంటే తీసేసుకుంటారు. నిమ్మజాతి చెట్లని చంపే తెగులు మోసే పురుగు వాటి మీద బతుకుతుంది, టెక్సస్‌లో అది ఉంది. వాటిని ఇంట్లోనే ఉంచేయండి, దాచి తేకండి.

నీడిల్స్ నుంచి ఒకరోజు అంబాయ్ వెళ్ళి రండి, ఎనభై మైళ్ళు. రాయ్స్ అనే పాత మోటెల్‌కి 1959లో పెట్టిన బోర్డు, పక్కనే చల్లారిన అగ్నిపర్వతం నోరు. పెద్దాడు పైదాకా ఎక్కగలడు. అక్కడి పాత రోడ్డు మీద చెక్క వంతెనలు వరదలకి దెబ్బతిని కొన్ని ముక్కలు మూసేశారు, ఏది తెరిచుందో శాన్ బెర్నార్డినో కౌంటీ రోడ్ల పేజీలో చూసి బయల్దేరండి. ట్యాంకు నిండా పెట్రోలు, మనిషికి ఒక గ్యాలన్ నీళ్ళు.

అక్కడితో వెనక్కి తిరగండి. నీడిల్స్ నుంచి శాంటా మోనికా మూడొందల మైళ్ళకి దగ్గర, చివరంతా లాస్ ఏంజెలెస్ ట్రాఫిక్. పైగా జనవరి 1న పాసడీనాలో పాత రూట్ 66 అయిన కొలరాడో బులెవార్డ్ మీదే రోజ్ పరేడ్. పీర్ మీద బోర్డు దగ్గర ఫోటో కోసం ఎడారిలో రెండు రాత్రులు పోగొట్టుకోవడం నాకైతే నచ్చదు. డాలస్ నుంచి ఆ ఊరికి మూడు గంటల విమానం ఎప్పుడూ ఉంటుంది. జనవరి 1న నీడిల్స్ నుంచి 95 హైవే మీద క్వార్ట్‌జైట్ దిగి ఐ-10 హైవే పట్టుకుంటే టూసన్, ఎల్ పాసో మీదుగా మూడు రోజుల్లో ఇల్లు. ఆ దారిలో ఫ్లాగ్‌స్టాఫ్ లాంటి ఎత్తులు లేవు.

బయల్దేరే ముందు ఒక పని. డిసెంబర్ మొదట్లో మీ ఊళ్ళో ముప్పైల్లోకి పడే రాత్రి ఒకటి చూసుకుని, ఐసన్‌హోవర్ స్టేట్ పార్క్‌లో నలుగురూ టెంట్లో పడుకోండి, ఇవే బ్యాగులు, ఇవే చాపలు. మీ ఇంటికి గంటన్నర లోపే, కుదరకపోతే అర్ధరాత్రి వెనక్కి రావచ్చు. పొద్దున్న లేచాక మీ ఆవిడ ఏమంటారో దాన్ని బట్టి నీడిల్స్‌లో టెంట్ చోటు రెండు రాత్రులకా మూడింటికా అన్నది తేల్చుకోండి.